చిరునామాకు గండి: రచయితలు తెలుసుకోవలసిన కొన్ని సంగతులు

ఈ పత్రికలో నేను ఇంతవరకు రాసినవన్నీ కథ మీదా, నవల మీదా, అప్పుడప్పుడు కవిత్వం మీదా. ఇప్పుడు ఇ-మెయిల్ చిరునామా గురించి రాయడమేమిటని మిత్రులకు అనుమానం రావచ్చు. సాహిత్యేతర విషయానికి విమర్శ పత్రికలో చోటెందుకని అడిగేవాళ్లూ ఉంటారు. ఈనాడు మన రచన పుట్టేది కాగితం మీదే కావచ్చు గానీ పత్రికకు చేరేది మెయిలు ద్వారానే. సంపాదకుడి ఉత్తరం, ప్రూఫు, అచ్చుకాని కవిత, ఒక మిత్రుడు మరో మిత్రుడి రచన మీద దాపరికం లేకుండా చెప్పిన అభిప్రాయం, సభ్యుల ఫోన్ నంబర్లు - ఇవన్నీ ఒక్క పాస్‌వర్డ్ వెనక ఉన్నాయి. రచనకు పునాది అయిన భౌతిక పరిస్థితుల గురించి సభల్లో గంటలకొద్దీ మాట్లాడే మనం ఈ పరిస్థితి గురించి ఒక్క మాటా మాట్లాడుకోకపోవడమే నాకు వింతగా ఉంది.

అసలు కారణం మాత్రం ఒక కుర్రవాడు. పేరు అనవసరం. మా జిల్లాలో నాలుగైదేళ్లుగా మంచి కవిత్వం రాస్తున్నాడు. ఉన్నట్టుండి సమావేశాలకు రావడం మానేశాడు. ఫోను చేస్తే ఎత్తడు. "వాడికి నిబద్ధత సడలింది మాస్టారూ" అన్నారు మా శాఖలో ఒకరు. నేనూ నమ్మాను. ఇలాంటి తీర్పులు మనం ఎంత తేలిగ్గా ఇచ్చేస్తామో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం బడి విడిచిపెట్టే వేళకు వచ్చి, ఏమీ మాట్లాడకుండా తన ఫోను నా చేతిలో పెట్టాడు. అతనికి వచ్చిన మెయిలు అది. ఉత్తరం విషయం రాసే చోట అతని పాస్‌వర్డు ఉంది. అక్షరం పొల్లుపోకుండా అతనిదే. లోపల ఇంగ్లీషులో నాలుగు పేరాలు: నీ కంప్యూటర్లో దూరాను, కెమెరాతో నిన్ను చూశాను, నువ్వేం చూస్తుంటావో నాకు తెలుసు, ఆ వీడియో నీకు తెలిసిన వాళ్లందరికీ పంపుతాను, ఇన్ని బిట్‌కాయిన్లు ఇస్తే ఊరుకుంటాను అని.

"అంతా అబద్ధమే అనుకుందామంటే పాస్‌వర్డ్ నిజమే కదా మాస్టారూ" అన్నాడు. అతనికి రెండు భయాలు. ఒకటి, ఎవడో దొంగ. రెండు, దొంగ కాదు, పోలీసు. ఈ రెండింటిలో దేన్నీ అతను ఎవరితోనూ చెప్పుకోలేకపోయాడు. మొదటిది చెబితే పరువు పోతుంది. రెండవది చెబితే తన వల్ల మిగతావాళ్లకు ప్రమాదం వచ్చిందని అందరూ దూరం పెడతారు. అంచేత తనే దూరమయ్యాడు.

ఇలాంటి మెయిళ్లు 2018 మధ్య నుంచి ప్రపంచమంతటా లక్షలాది మందికి వెళ్లాయని, అందరికీ దాదాపు ఒకే పాఠమేనని, పాస్‌వర్డ్ ఒక్కటే మారుతుందని నాకు ఆ సాయంత్రం తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. పంపినవాడు ఎవరి కంప్యూటర్లోనూ దూరలేదు, ఎవరినీ చూడలేదు. ఏదో ఒక కంపెనీ దగ్గర నుంచి ఎప్పుడో పోయిన జాబితా ఒకటి అతనికి దొరికింది. అందులో చిరునామా, దాని పక్కన పాస్‌వర్డ్ ఉన్నాయి. ఆ రెండింటినీ ఉత్తరంలో అతికించే పని యంత్రం చేస్తుంది. మనిషి చేసేది భయపడే వాళ్ల కోసం కాచుకొని కూచోవడం మాత్రమే.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పుకోవాలి. తెలుగు మేష్టరును కనుక ఈ పాటి చాదస్తం తప్పదు. కంపెనీల దగ్గర ఉన్న ప్రజల సమాచారం ఇలా బయటపడడాన్ని మన దినపత్రికలు మూడు రకాలుగా రాస్తున్నాయి: డేటా లీకు, డేటా చౌర్యం, డేటా ఉల్లంఘన. లీకు అనగానే కుళాయి దగ్గర బొట్టుబొట్టుగా కారే నీళ్లు గుర్తొస్తాయి. జరిగిన దాని పరిమాణాన్ని ఆ మాట తగ్గించి చూపిస్తుంది. చౌర్యం అంటే తప్పంతా దొంగదే అవుతుంది, ఇల్లు తలుపులు తీసి పెట్టినవాడు అమాయకుడవుతాడు. ఉల్లంఘన అన్నది నిఘంటువు చూసి చేసిన అనువాదం. దానివల్ల ఎవరికీ ఏమీ అర్థం కాదు. మన రైతుకు దీనికి సరిపోయే మాట ఎప్పటినుంచో ఉంది - గండి. చెరువుకు గండి పడిందంటే నీళ్లు ఎవరు తీసుకుపోయారని ఎవరూ అడగరు. కట్ట ఎవరు చూడాలి, మరమ్మత్తు డబ్బులు ఏమయ్యాయి, తూము దగ్గర పగులు కనిపించిన రోజున ఎవరికి చెప్పారు, దిగువ పొలాల వాళ్లను ముందుగా ఎందుకు హెచ్చరించలేదు అని అడుగుతారు. ఈ వ్యాసంలో నేను గండి అనే రాస్తాను.

2013 అక్టోబరులో అడోబీ అనే అమెరికన్ కంపెనీకి గండి పడింది. మన పత్రికలకు పేజీలు కట్టడానికి డి.టి.పి. కేంద్రాల్లో ఏళ్ల తరబడి వాడిన పేజ్‌మేకర్ ఈ కంపెనీ సరుకే. మొదట 29 లక్షల మంది ఖాతాదారుల సమాచారం పోయిందన్నారు. నెల తిరగకుండా 3 కోట్ల 80 లక్షలన్నారు. బయట చేతులు మారిన దస్త్రంలో ఉన్నవి 15 కోట్లకు పైగా ఖాతాలు. సంఖ్య ఇలా మెట్లెక్కుతూ రావడం ఒక్క అడోబీకే పరిమితం కాదు. యాహూ కంపెనీకి 2013లో పడిన గండిలో నూరు కోట్ల ఖాతాలు పోయాయని 2016 డిసెంబరులో ఒప్పుకున్నారు. 2017 అక్టోబరుకు అది 300 కోట్లు అయింది, అంటే అప్పటికి ఉన్న ఖాతాలన్నీ. 2016లో ఊబర్ నుంచి 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోతే, కంపెనీ పట్టుకుపోయిన వాళ్లకే లక్ష డాలర్లిచ్చి ఏడాది పాటు నోరు మెదపలేదు. ఆ దాపరికానికి కంపెనీ భద్రతాధికారిని 2022లో అమెరికా కోర్టు దోషిగా తేల్చింది.

అడోబీ గండిని చూసిన ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు, అంతకు ముందు పడిన కొన్ని గండ్ల జాబితాలతో దాన్ని పోల్చాడు. అవే చిరునామాలు, చాలాచోట్ల అవే పాస్‌వర్డులు మళ్లీమళ్లీ కనబడ్డాయి. దొంగలందరి దగ్గరా ఉన్న ఈ సమాచారం, పోగొట్టుకున్న వాడికి ఒక్కడికే తెలియడం లేదన్నది అతను గమనించిన విషయం. 2013 డిసెంబరులో, ఐదు గండ్ల సమాచారంతో అతను ఒక సైటు మొదలుపెట్టాడు. దాని పేరు హ్యావ్ ఐ బీన్ పౌన్డ్. ఈ 'పౌన్డ్' ఏ నిఘంటువు మాటా కాదు. కంప్యూటరు ఆటలాడే కుర్రాళ్లు 'ఓన్డ్' అని కొట్టబోయి, పక్క మీట మీద వేలు పడి 'పి' కొట్టగా పుట్టిన మాట అని చెబుతారు. ఎదుటివాడి చేతికి పూర్తిగా చిక్కిపోవడం అని అర్థం. ఈనాడు ఆ సైటులో వందలాది గండ్లకు సంబంధించి వెయ్యి కోట్లకు పైగా ఖాతాల వివరాలున్నాయి.

వాడే పద్ధతి చాలా తేలిక. సైటు తెరిచి, ఉన్న ఒక్క పెట్టెలో మీ మెయిలు చిరునామా రాస్తే చాలు. ఏ గండిలోనూ కనబడకపోతే ఆ సంగతి చెబుతుంది. కనబడితే ఒక్కొక్క గండి పేరు, ఎప్పుడు పడింది, అందులో ఏ రకం వివరాలు పోయాయి - చిరునామా మాత్రమేనా, పాస్‌వర్డా, ఫోన్ నంబరా, పుట్టినరోజా - వరసగా చూపిస్తుంది. పోయిన వివరాలను మాత్రం చూపించదు. డబ్బులు అడగదు. చిరునామా వెతకడానికి పాస్‌వర్డ్ అడగదు. ఈ చివరి మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇదే పని చేస్తామని చెప్పి చిరునామాతో పాటు మీ పాస్‌వర్డ్ కూడా రాయమనే సైటు ఏదైనా ఎదురైతే అది వల అని అనుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లా సంస్థ కూడా 2018 నుంచి ఇలాంటి సేవ ఇస్తోంది. దానికి ఆధారం కూడా హంట్ సైటులోని సమాచారమే.

ఆ కుర్రవాడి చిరునామా రాశాం. రెండు గండ్లు కనబడ్డాయి. ఒకటి, అతను ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఉచితంగా పాటలు వినడానికి ఖాతా తెరిచి మరచిపోయిన చోటు. ఆ గండిలో పాస్‌వర్డులు కూడా పోయాయని అక్కడే రాసి ఉంది. ఆ కాలంలో తను అన్నిచోట్లా వాడింది ఆ మాటేనని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. కెమెరా లేదు, వీడియో లేదు, పోలీసు లేడు. అతను గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగకపోయేసరికి నాకే భయమేసింది.

తర్వాత నా చిరునామా రాశాను. నాలుగు గండ్లు! అందులో ఒక సంస్థ పేరు నేను వినలేదు కూడా. నేను ఇవ్వని సమాచారం వాళ్ల దగ్గరికి ఎలా చేరింది? ఇచ్చిన చోటు నుంచి అమ్ముడుపోయింది. సరుకుల ప్రపంచంలో మన చిరునామా కూడా ఒక సరుకే. దాన్ని ఉత్పత్తి చేసినవాడికి అది ఎన్ని చేతులు మారిందో తెలియనక్కర్లేదు.

ఫలితం చదవడంలో కొన్ని మెళకువలున్నాయి. జాబితాలో పేరున్నంత మాత్రాన మీ మెయిలు పెట్టెలో ఎవరో దూరారని కాదు. మీ చిరునామా ఇచ్చిన మరో సంస్థ చెరువుకు గండి పడిందని అర్థం. ప్రమాదం ఎక్కడ మొదలవుతుందంటే, ఆ సంస్థకు ఇచ్చిన పాస్‌వర్డే మీ మెయిలుకూ పెట్టుకుని ఉంటే. దొంగలు చేసే పని అదే. ఒక చోట దొరికిన జతను వంద చోట్ల యంత్రం చేత ప్రయత్నింపజేస్తారు. మెయిలు తలుపు తెరుచుకుంటే మిగతా తలుపులన్నీ తెరుచుకున్నట్టే. ఎందుకంటే ఏ సైటులో పాస్‌వర్డ్ మరచిపోయానన్నా కొత్తది పెట్టుకునే లంకె వచ్చేది మెయిలుకే గదా.

పాస్‌వర్డులు పోయాయన్నప్పుడు ఎలా దాచినవి పోయాయన్నది కూడా చూడాలి. బాధ్యత తెలిసిన సంస్థ పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచదు. దాన్ని రుబ్బి, ఆ పిండిని మాత్రమే దాస్తుంది. మీరు మళ్లీ వచ్చి పాస్‌వర్డ్ చెప్పినప్పుడు దాన్నీ అలాగే రుబ్బి, రెండు పిండ్లు ఒకటేనా అని చూస్తుంది. పిండి నుంచి మినపగింజను తిరిగి చేయలేం. ఈ రుబ్బడాన్ని హ్యాషింగ్ అంటారు. అయితే ఒకే మాటను ఎన్నిసార్లు రుబ్బినా ఒకే పిండి వస్తుంది కనుక, దొంగ తెలిసిన మాటలన్నిటినీ ముందే రుబ్బి పెట్టుకుని పోల్చి చూస్తాడు. అందుకని రుబ్బేముందు ఒక్కొక్కరి మాటకు ఒక్కొక్క రకం ఉప్పు కలుపుతారు. ఇంగ్లీషులోనూ దాన్ని ఉప్పు అనే అంటారు, నేను కల్పించిన పోలిక కాదు. 2012లో లింక్‌డిన్ కంపెనీ ఉప్పు కలపలేదు. అప్పుడు 65 లక్షల పాస్‌వర్డుల పిండి బయటపడింది. నాలుగేళ్ల తర్వాత, 2016 మేలో, అదే గండి నుంచి పోయిన 16 కోట్లకు పైగా ఖాతాలు బజారులో అమ్మకానికి వచ్చాయి. పోవడానికీ తెలియడానికీ మధ్య నాలుగేళ్లు.

అడోబీ ఇంకా ఘోరం. అక్కడ రుబ్బడమే లేదు. అన్నిటినీ ఒకే తాళంచెవితో బిగించారు. ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న వాళ్లందరిదీ ఒకే ఆకారంలో కనబడుతుంది. పైగా పాస్‌వర్డ్ గుర్తు రావడానికి జనం రాసుకున్న సూచనలు పక్కనే మామూలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఒకే ఆకారం పక్కన వంద మంది వంద రకాలుగా సూచనలు రాస్తే దాన్ని విప్పడానికి పండితుడు అక్కర్లేదు, పొడుపుకథలు విప్పే మా ఆరో తరగతి పిల్లలు చాలు. అలా విప్పగా దాదాపు 19 లక్షల మంది 123456 అని పెట్టుకున్నట్టు తేలింది.

మనం తెలుగువాళ్లం, సాహిత్యం చదివినవాళ్లం, మన పాస్‌వర్డ్ ఎవడికి తడుతుంది అనే ధీమా మనలో కొందరికి ఉంది. నాకూ ఉండేది. నాది ఒక నవల పేరు, పక్కన అది అచ్చయిన సంవత్సరం. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ తెలుగు మాట దొంగకు ఎలా తెలుస్తుందనుకున్నాను. హంట్ సైటులోనే పాస్‌వర్డులను విడిగా పరీక్షించే ఏర్పాటు 2017 ఆగస్టు నుంచి ఉంది. అక్కడ చూస్తే నా మాట అప్పటికే పదకొండు సార్లు గండ్లలో కనబడిందని వచ్చింది. ఆ నవల చదివినవాళ్లు ఇంకా ఉన్నారని సంతోషించాలో ఏం చేయాలో తెలియలేదు.

ఇందాక పాస్‌వర్డ్ అడిగే సైటు వల అన్నావు, ఇప్పుడు అక్కడే రాసి చూశానంటున్నావు, ఇదేం వైరుధ్యం అని మీరు అడగాలి. నిజమే. చిరునామా, పాస్‌వర్డ్ రెండూ కలిపి ఒకే చోట అడగడం ఒకటి, ఎవరిదో తెలియకుండా ఒక మాటను విడిగా పరీక్షించడం మరొకటి. రెండోది 2018 ఫిబ్రవరి నుంచి ఇలా జరుగుతోంది. మీరు రాసిన మాటను మీ కంప్యూటరే రుబ్బుతుంది. పిండిలో మొదటి ఐదు అక్షరాలు మాత్రమే సైటుకు వెళ్తాయి. 'పాస్‌వర్డ్' అన్న ఇంగ్లీషు మాటనే కొందరు పాస్‌వర్డుగా పెట్టుకుంటారు గదా, దాన్ని రుబ్బితే వచ్చే నలభై అక్షరాల్లో మొదటి ఐదు: 5, బి, ఎ, ఎ, 6. అలాంటి ఐదక్షరాల జట్లు మొత్తం 10,48,576 ఉంటాయి. ఆ ఐదింటితో మొదలయ్యే వాటన్నిటినీ, వందలకొద్దీ, సైటు తిరిగి పంపుతుంది. మీది అందులో ఉందో లేదో మీ కంప్యూటరు మీ ఇంట్లోనే చూసుకుంటుంది. ఊళ్లో తపాలా కచేరీకి వెళ్లి పేరు చెప్పకుండా, "మా వీధి ఉత్తరాలన్నీ ఇటివ్వండి, నావి నేను ఏరుకుంటాను" అన్నట్టు. పోస్టుమాస్టరుకు వీధి తెలుస్తుంది, మనిషి తెలియడు. ఇంత చేసినా, ఇప్పుడు వాడుతున్న పాస్‌వర్డును ఏ సైటులోనూ రాయడం మనసొప్పని వాళ్లు రాయనక్కర్లేదు. మార్చేసిన తర్వాత పాతదాన్ని పరీక్షించుకోవచ్చు.

ఇంకో నైతిక ప్రశ్న ఉంది. ఎవరి చిరునామా అయినా ఎవరైనా రాసి చూడవచ్చు కదా? పెళ్లైనవాళ్లకు వివాహేతర సంబంధాలు కుదిర్చే యాష్లే మాడిసన్ సైటుకు 2015లో గండి పడినప్పుడు హంట్‌కు ఈ ప్రశ్న ఎదురైంది. ఏ ఊళ్లోనైనా పొరుగువాడి చిరునామా రాసి వినోదం చూసేవాళ్లు ఉంటారు. అలాంటి గండ్లను అతను విడిగా పెట్టాడు. ఆ చిరునామా తమదేనని మెయిలు ద్వారా రుజువు చేసుకున్న వాళ్లకే అవి కనబడతాయి. దీన్ని మన దేశంలో జరిగిన దానితో పోల్చి చూడండి. 2021లో డామినోస్ ఇండియా వినియోగదారుల సమాచారం పోయింది. 2 కోట్ల 25 లక్షల మెయిలు చిరునామాలు, వాటితో ఫోన్లు, ఇళ్ల చిరునామాలు. పట్టుకుపోయినవాళ్లు తామే ఒక వెతుకుడు పేజీ తయారుచేసి పెట్టారు. అందులో ఎవరి ఫోన్ నంబరు కొట్టినా వాళ్లు ఏ రోజున ఎక్కడికి పిజ్జా తెప్పించుకున్నారో వచ్చేది. ఇదీ వెతుకులాటే. కాని మొదటిది పోగొట్టుకున్న వాడికి చెప్పడానికి, రెండోది వాడిని మళ్లీ దోచుకోవడానికి.

హంట్ సైటును నేను ఆకాశానికెత్తడం లేదు. కోట్ల మంది భద్రత ఒక వ్యక్తి మంచితనం మీద ఆధారపడడం ఆరోగ్యకరం కాదు. 2019లో అతను దాన్ని అమ్మే ప్రయత్నం చేసి, 2020 మార్చిలో మానుకున్నాడు. కొన్నవాడు ఎలాంటివాడై ఉండేవాడో ఎవరికి తెలుసు? అయినా అతని గురించి ఒక విషయం ఆ కుర్రవాడికి చెప్పాను, మీకూ చెప్పాలి. 2025 మార్చిలో, ప్రయాణ బడలికలో ఉన్న హంట్ ఒక మోసపు మెయిలుకు తనే చిక్కాడు. అతని రచనలు తెప్పించుకునే దాదాపు 16,000 మంది చిరునామాలు పోయాయి. అతను దాన్ని దాచలేదు. ఎలా మోసపోయాడో తనే రాసి, ఆ గండిని తన సైటులోనే చేర్చాడు. ప్రపంచంలో ఈ విషయం బాగా తెలిసిన కొద్దిమందిలో ఒకడికి జరిగింది, ఇరవై మూడేళ్ల కవికి జరగదా?

ఏ గండీ కనబడలేదని వచ్చినా నిశ్చింతగా ఉండడానికి లేదు. ఆ సైటుకు తెలిసినవి బజారుకెక్కిన గండ్లు మాత్రమే. ఇందాక చెప్పిన యాహూ 300 కోట్ల ఖాతాల జాబితా అందులో ఈనాటికీ లేదు. ఒకప్పుడు మన రచయితల్లో ఎంతోమందికి మొదటి చిరునామా యాహూలోనే ఉండేది. కాబట్టి ఆ పాత చిరునామా రాసి చూసి, ఏమీ లేదని వస్తే దాన్ని నమ్మి ఊరుకోకూడదు. ఇక రెండో సంగతి. ఈ మధ్య ఆ సైటులో కంపెనీల గండ్లు కాకుండా, జనం సొంత కంప్యూటర్ల నుంచి దొంగ ప్రోగ్రాములు ఏరుకున్న పాస్‌వర్డుల జాబితాలు కూడా చేరుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో చేరిన ఒక్క జాబితాలోనే 28 కోట్ల 40 లక్షల చిరునామాలున్నాయి. అలాంటి దాంట్లో మీ చిరునామా కనబడితే పాస్‌వర్డ్ మార్చడం చాలదు, ముందు ఆ కంప్యూటరును శుభ్రం చేయాలి. ఈ దొంగ ప్రోగ్రాములు ఎక్కువగా వచ్చేది ఉచితంగా దొరికే దొంగ సాఫ్ట్‌వేరు ప్రతులతో. మన చిన్న పత్రికలకు, కవితా సంకలనాలకు పేజీలు కట్టే కంప్యూటర్లలో ఎన్నింటిలో కొన్న సాఫ్ట్‌వేరు ఉందో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. అక్కడ కూచునే మనం మెయిలు తెరిచి ప్రూఫు తీసి ఇస్తాం.

అన్నిటికంటే పెద్ద పరిమితి వేరే ఉంది. ఈ పరీక్ష మెయిలు చిరునామా ఉన్నవాడికే. మన దేశంలో ఎక్కువమంది శ్రమజీవులకు ఉన్నది ఫోన్ నంబరు, ఆధార్ సంఖ్య. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరాలు, కులం, మతం సహా బహిరంగంగా ఉన్నాయని హైదరాబాదుకు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాడు. అక్కడ ఏ దొంగా గోడ దూకలేదు. గోడే లేదు. ఇల్లు మంజూరు కావాలంటే కులం చెప్పాలి, మతం చెప్పాలి, ఆధార్ ఇవ్వాలి. ఇవ్వనని అనే వీలు ఆ కూలీకి లేదు. 2023 జూన్‌లో టెలిగ్రామ్‌లో ఒక బాట్‌కు ఫోన్ నంబరు ఇస్తే కోవిడ్ టీకా వేయించుకున్నవాళ్ల పేరు, గుర్తింపు పత్రం సంఖ్య వస్తున్నాయని వార్తలు వచ్చాయి. కోవిన్ నుంచి సమాచారం పోయిందన్నది నిరాధారమని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. సరే, నిరాధారమే అనుకుందాం. నా సమాచారం పోయిందో లేదో ఆ కూలీ ఏ పెట్టెలో ఏ మాట రాసి తెలుసుకోవాలి? మెయిలు ఉన్న మధ్యతరగతి వాడికి ఒక ఆస్ట్రేలియా వాడి దయ ఉంది. మిగతావాళ్లకు అదీ లేదు.

చట్టం సంగతి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. గండి పడితే సంస్థ ఆ సంగతిని బోర్డుకే కాక నష్టపోయిన ప్రతి వ్యక్తికీ తెలపాలని అందులో ఉంది. కాపాడడంలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా. నిబంధనలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. సంస్థల ప్రధాన బాధ్యతలు అమలుకు రావడానికి అక్కణ్ణుంచి మరో 18 నెలల గడువు. ఈ చట్టమే ప్రభుత్వ సంస్థలకు మినహాయింపునిచ్చే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను సవరించి వ్యక్తిగత సమాచారం అనే పేరుతో అధికారుల వివరాలు ఇవ్వకుండా ఉండడాన్ని సులువు చేసింది. పౌరుడి గోప్యత పేరు మీద ప్రభువుల గోప్యత పెరగడం మనకు కొత్త కాదు.

ఇక చేయవలసినవి. ముందు మెయిలు పాస్‌వర్డ్ మార్చండి, దాన్ని మరెక్కడా వాడకండి. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే పొడవుగానూ ఉంటుంది, గుర్తూ ఉంటుంది. కాని కవితా పాదం మాత్రం వద్దు. మనకు కంఠస్థం వచ్చింది మరొకరికీ వస్తుంది. అన్నీ గుర్తుండవంటే ఇంట్లో నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి. విదేశాల్లో కూచున్న దొంగ మీ బీరువా దాకా రాడు. రెండో తాళం, అంటే పాస్‌వర్డుతో పాటు ఫోనులో వచ్చే అంకె కూడా అడిగే ఏర్పాటు, తప్పక పెట్టుకోండి. హంట్ సైటులో చిరునామా నమోదు చేసుకుంటే, రేపు మరో గండిలో కనబడినప్పుడు వాళ్లే మెయిలు పంపుతారు. బెదిరింపు ఉత్తరానికి జవాబివ్వకండి, పైసా పంపకండి. డబ్బు పోయి ఉంటే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయండి.

మరొకటి, మనవాళ్లకు ప్రత్యేకంగా. మెయిలు అమరికల్లోకి వెళ్లి, పాస్‌వర్డ్ పోతే తిరిగి ఇవ్వడానికి రాసి ఉన్న చిరునామా, ఫోన్ నంబరు మీవేనా చూసుకోండి. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ కంప్యూటర్లో ఆయనకు తెలియకుండా దస్త్రాలు పెట్టారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఆ కేసులో వరవరరావు సహా ముగ్గురి మెయిలు ఖాతాల్లో, తిరిగి పొందే చిరునామాగా, నంబరుగా పుణె పోలీసు అధికారి ఒకరికి చెందినవి చేరి ఉన్నాయని భద్రతా పరిశోధకులను ఉటంకిస్తూ 2022 జూన్‌లో వైర్డ్ పత్రిక రాసింది. ఇలాంటివి ఏ గండి జాబితాలోనూ కనబడవు. ఆ కుర్రవాడి రెండో భయాన్ని నేను నవ్వి కొట్టిపారేయకపోవడానికి కారణం ఇదే. అతని విషయంలో అది నిజం కాదు, అంతే.

అతను మొన్నటి సమావేశానికి వచ్చాడు. తన సంగతి తనే అందరికీ చెప్పాడు. తర్వాత ప్రొజెక్టరు మీద మా శాఖ మెయిలు చిరునామా రాసి చూపించాడు. ఒక గండిలో ఉంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసని అడిగితే లెక్క ఏడుగురి దగ్గర ఆగింది. అందులో ఇద్దరు సంఘం విడిచి నాలుగేళ్లయింది. పాస్‌వర్డ్ సంఘం పేరు, స్థాపించిన సంవత్సరం. అక్కడికక్కడే మార్చాం. చందాదారుల పేర్లు, ఇళ్ల చిరునామాలు, ఫోన్లు ఉన్న పట్టిక మాత్రం ఎన్ని కంప్యూటర్లలో ఉందో ఆ రోజు తేలలేదు. డి.టి.పి. కేంద్రంలో ఒకటి ఉందని తెలుసు. మిగతావాటి సంగతి వెతకడానికి ముగ్గురితో ఒక కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను.